యల్లక్క ముక్కు

యల్లక్క వంట చేస్తూ రుచి చూడదు. ధర్మవరంలో ఈ మాట తెలియని ఇల్లు లేదు. దేవుడికి చూపించకముందే గరిటె నోట్లో పెట్టుకుంటే వంటంతా ఎంగిలైపోతుందని గాండ్లపెంటలో వాళ్ళ అవ్వ నేర్పిన పద్ధతి. మరి ఉప్పు చాలిందో లేదో, పులుపు ఎక్కువైందో ఎట్లా తెలుస్తుందయ్యా అంటే, ముక్కుతో. ఉడుకుతున్న పప్పు మీది ఆవిరిని అరచేత్తో ముఖం మీదికి తోసుకుని, కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చి, "ఇంకొంచెం ఉప్పు పడాల" అనేది. వేసేవాళ్ళు. సరిగ్గా సరిపోయేది. పెళ్ళికొచ్చిన ఆడవాళ్ళు పెళ్ళికూతుర్ని వదిలేసి వంటసాలలో ఈమె ముక్కును చూడటానికి ఎగబడిన రోజులున్నాయంటే నమ్మండి.

పీల్చేది, అనేది అన్నాను గదా? ఇప్పుడూ పీలుస్తుంది, ఇప్పుడూ అంటుంది. కాకపోతే నాలుగేళ్ళుగా అదంతా వట్టి నాటకం.

కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు మొగుడికీ పెళ్ళానికీ ఒకేసారి జ్వరం వచ్చింది. మొగుడు ఓబులేసు లగేజీ ఆటో నడిపేవాడు. యల్లక్క వంటపాత్రల్ని పెళ్ళి ఇళ్ళకు చేర్చేదీ, మళ్ళీ ఇంటికి తెచ్చేదీ అతనే. అతను అనంతపురం ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదు. యల్లక్క ఇంట్లోనే మంచాన పడి లేచింది. ఆ జ్వరం పోతూ పోతూ ఆమె ముక్కునూ నాలుకనూ వెంట తీసుకుపోయింది. డాక్టరు మొదట మూడు నెలల్లో వస్తుందన్నాడు, తర్వాత ఆరు నెలలన్నాడు, ఆ తర్వాత ఏమీ అనడం మానేశాడు. కారం తింటే నాలుక మండుతుంది, ఐసు పెట్టుకుంటే జివ్వుమంటుంది. మిగిలినదంతా తడి కాగితం నమిలినట్టే ఉంటుంది.

ఇంకొకటి కూడా పోయింది గానీ, దాని సంగతి ఆమె డాక్టరుకు చెప్పలేదు. మొగుడు పోయాడని ఫోను వచ్చిన రోజు నుంచీ ఆమెకు ఏడుపు రాలేదు. ఊళ్ళోవాళ్ళు గట్టి మనిషి అన్నారు. గట్టితనమో ఏమో ఆమెకు తెలియదు. లోపల ఏముందో చూద్దామనుకుంటే అక్కడ ఏమీ తగలడం లేదు. పొద్దున లేస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, పిలిచినచోటికి పోతుంది, వస్తుంది. పండగలు వచ్చిపోయాయి. ఎవరైనా నవ్వితే తనూ నవ్వింది. లోపల మాత్రం కరెంటు పోయిన ఇల్లే.

ముక్కు సంగతి తెలిసింది ఒక్క మునెమ్మకే. ఓబులేసు చెల్లెలు, వంటల్లో ఈమెకు తోడు. పొయ్యి పక్కన మునెమ్మ నిలబడి వాసన చూసి కళ్ళతో సైగ చేస్తే, యల్లక్క ఆవిరి పీల్చినట్టు నటించి పైకి చెప్పేది. అట్లా నెట్టుకొచ్చారు ఇద్దరూ. ఈ సంగతి బయటపడిందా, ధర్మవరంలో ఒక్క పొయ్యి కూడా యల్లక్కను పిలవదు. పిలవకపోతే ఏమవుతుంది? అన్నానికి లోటని కాదు. మొగుడు లేడు, పిల్లలు లేరు, ముక్కు లేదు, ఏడుపు లేదు. ‘వంట యల్లక్క’ అన్న పేరొక్కటే మిగిలింది. అదీ పోతే పొద్దున ఎందుకు లేవాలో ఆమెకు తెలియదు.

అటువంటి మనిషిని పట్టుకుని బ్యాంకాక్‌కు రమ్మన్నారు.

పట్టుచీరల అంగడి లక్ష్మీనారాయణకు జరీ అమ్మే బెంగుళూరు డీలరు బహుమానంగా ఇచ్చిన టూరు అది. ధర్మవరం నుంచి ఈయన కుటుంబం, హిందూపురం నుంచి ఒకటి, పెనుకొండ నుంచి ఒకటి. లక్ష్మీనారాయణ భార్య నాగేంద్రమ్మ బయటి చేతి వంట ముట్టదు. శనివారమైతే మరీ కఠినం. కూతురు అమృత కడుపులో పడినప్పుడు కదిరి నరసింహస్వామికి మొక్కుకుని పట్టిన ఒక్కపొద్దు అది. ఆ రోజు నీచు ఆమె నాలుకకు తగలకూడదు, తగిలిన గిన్నె కూడా ఇంట్లోకి రాకూడదు. అందుకని వంటమనిషిని వెంట తీసుకుపోదామన్నారు. అమృతకు వచ్చే నెల పెనుకొండలో పెళ్ళి. ఆ పెళ్ళి వంట ఎవరికన్నది ఇంకా తేల్చలేదు. "ఆడ ఎట్ల చేస్తుందో చూసి, వచ్చినాంక మాట్లాడుదాం" అంది నాగేంద్రమ్మ.

"పోవద్దు వదినా" అంది మునెమ్మ. "ఆడ నీ పక్కన నేనుండను. ఎట్ల చేస్తావు?"

"పోకుంటే ఎందుకు రాలేదంటారు. ఏమని చెప్పాల?" అంది యల్లక్క. అని, బట్టలు సర్దుకుంది. భయం వేస్తుందేమోనని చూసింది. వేయలేదు.

బ్యాంకాక్‌లో వంటగది ఉన్న ఇల్లొకటి తీసుకున్నారు. సామాను విప్పగానే మొదటి దెబ్బ తగిలింది. నూనె డబ్బా మూత ఊడి, ఇంటి నుంచి తెచ్చిన కారంపొడి, సాంబారు పొడి అన్నీ ముద్దయిపోయాయి. "పోతే పోనీలే, ఈ ఊర్లో మిరపకాయలకు కరువా?" అన్నాడు లక్ష్మీనారాయణ. అతని మాట నిజమే. ఆ ఊళ్ళో లేనిదేదీ లేదు.

ఆ సాయంత్రం అందరూ చైనా బజారుకు బయల్దేరారు. అబ్బబ్బా, అది వీధా, తిరునాళ్ళా! రెండు పక్కలా ఎర్రటి బోర్డులు, నడిమధ్యలో కార్లు, కార్ల పక్కనే బల్లలు, బల్లల మీద జనం. బాణలి కింద మంట బుస్సుమని లేస్తే వండేవాడు దాంట్లోనే చెయ్యి తిప్పేస్తున్నాడు. బొగ్గుల మీద ఏవేవో కాలుతున్నాయి. ఒకచోట మామిడిపండు కోసి తీపి అన్నంతో పెడుతున్నారు, ఒకచోట పచ్చిమామిడి ముక్కలకు ఉప్పూకారం అద్దుకొమ్మంటున్నారు. "వాసన చూడమ్మే యల్లక్కా, కడుపులో పేగులు లేచి కూర్చుంటాండాయి" అంది హిందూపురం ఆవిడ. "అవునమ్మా" అంది యల్లక్క. ఆమెకు ఆ వీధంతా పొగ, వేడి, చప్పుడు. గాజుపలక వెనక నుంచి చూసినట్టు చూసుకుంటూ నడిచింది.

ఒక బండి మీద పురుగులు వేయించి కుప్పలు పోశారు. మిడతలు, తేళ్ళు, ఇంకేవేవో. లక్ష్మీనారాయణ వంగి చూసి గట్టిగా కేకేశాడు. "ఏమప్పా, ఇది మన పట్టుపురుగే! దారం మనం తీసుకుంటే పురుగును వీండ్లు తినేస్తాండారు!" హిందూపురం, పెనుకొండ మగవాళ్ళంతా మూగి, పొట్ట పట్టుకుని నవ్వారు. పట్టుగూళ్ళ మార్కెట్లో పుట్టి పెరిగినవాళ్ళకు అంతకంటే హాస్యం ఏముంటుంది? ఫోటోలు తీసుకున్నారు. ఒక్కడు కూడా తినలేదు.

మూలమీద ఒక ముసలామె గుంతల పెనం ముందు కూర్చుని ఉంది. అచ్చంగా మన గుంతపొంగణాల పెనమే. గిన్నెలోంచి తెల్లటి పిండి పోసి, పైన కొబ్బరిపాలు పోసి, ఉల్లికాడా రవ్వంత చక్కెరా చల్లి, మూత పెట్టి తీస్తోంది. యల్లక్క ఆమె ముందు గొంతుక్కూర్చుంది. ముసలామె చేతివాటం చూస్తుంటే కాసేపు బాగానే ఉంది. అమృత కొని ఒకటి యల్లక్క చేతిలో పెట్టింది.

"యల్లక్కా, దీంట్లో ఏమేమి వేసినారో చెప్పు చూద్దాం!"

అందరూ ఆగి ఆమె ముఖం చూశారు. ఒకప్పుడు ఆమెకు ఇది ఆట. యల్లక్క పొంగణం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నోట్లో వేసుకుంది. వేడి. అంచు కరకర, లోపల జారుడు. ఇంకేమీ లేదు. ముసలామె చేస్తున్నప్పుడు కళ్ళతో చూసింది గుర్తు తెచ్చుకుంది. "బియ్యప్పిండి, కొబ్బరిపాలు, ఉల్లికాడ" అంది. "చక్కెర రవ్వంత." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ముసలామె కూడా ఏమీ అర్థం కాకపోయినా నవ్వింది. యల్లక్కా నవ్వింది.

అక్కడి నుంచి రెండడుగులు వేశారో లేదో, ముళ్ళముళ్ళ పండ్లు పోసిన బండి వచ్చింది. డురియన్ అంటారట, చూడటానికి పనసకు తమ్ముడిలా ఉంది. దాని కంపుకు అందరి చేతులూ ఒకేసారి ముక్కుల మీదికి పోయాయి. హిందూపురం ఆవిడ రోడ్డు దాటేసింది. యల్లక్క మాత్రం బండి పక్కనే నిలబడి, ఆ పండును ఎట్లా చీలుస్తున్నారో చూస్తూ ఉండిపోయింది.

"ఏమ్మే, నీకు ముక్కు లేదా?" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది నాగేంద్రమ్మ.

యల్లక్క గబుక్కున కొంగు ముక్కుకు పెట్టుకుంది. ఆలస్యంగా పెట్టుకుందని తనకే తెలిసింది. "వంటోళ్ళం గదమ్మా, అన్ని వాసనలూ అలవాటే" అంది. నాగేంద్రమ్మ ఇంకాసేపు ఆమె వైపు చూసి, ముందుకు నడిచింది.

మర్నాడు శనివారం. పొద్దున్నే అమృతా యల్లక్కా కూరగాయల మార్కెట్టుకు పోయారు. పెద్ద రేకుల షెడ్డు, కింద తడి నేల. చేపలు, మాంసం ఒక పక్క, కూరలు ఒక పక్క. గుండ్రటి పచ్చ వంకాయలు కనిపిస్తే యల్లక్క ఏరి కొంది. ఇక కారం కావాలి. అమృతకు కాబోయే మొగుడి నుంచి ఫోను వచ్చింది. "నువ్వు చూస్తాండు యల్లక్కా, ఇప్పుడే వస్తా" అని కొబ్బరిబొండాల అంగడి వైపు పోయింది. ఆ ఫోన్లు ఎంతసేపు నడుస్తాయో మనకు తెలియదా?

ఒక అంగట్లో బేసిన్ల నిండా ఎర్రటి ముద్ద గోపురంలా పేర్చి పెట్టారు. పైన నూనె తేలుతోంది, మధ్యమధ్య వేయించిన తెల్లగడ్డ పలుకులు. చూడగానే మన పండుమిరపకాయల కారమే. యల్లక్క పక్కనున్న మిరపకాయల్ని, తెల్లగడ్డల్ని చూపించి, అవేనా అన్నట్టు తల ఊపింది. అంగడామె కూడా అవునవునని తల ఊపి, కొంచెం చెంచాతో తీసి ముందుకు చాచింది. యల్లక్క ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పీల్చి, బాగుందని చెయ్యి చూపింది. ఎంత బాగా నటించిందంటే అంగడామె మురిసిపోయి ఇంకో గరిటెడు ఊరికే వేసింది. వాసన తెలిసిన వంటామె ఎవరైనా ఆ చెంచా దగ్గరికి రాగానే వెనక్కి తోసేసి ఉండేది. ఈమెకు తెలియలేదు.

ఆ సాయంత్రం చపాతీలు, వంకాయ కారం. రెండు రోజులుగా వీధుల్లో అన్ని వాసనలూ పీల్చి వచ్చిన ముక్కులు గదా, వంటింట్లోంచి వచ్చిన కొత్త వాసనను ఎవరూ పట్టించుకోలేదు. తినడం మొదలుపెట్టాక మాటలు ఆగిపోయాయి. పెనుకొండ ఆయన పళ్ళెం నాకినంత పని చేశాడు. ఎప్పుడూ ఎవరి వంటనూ పొగడని నాగేంద్రమ్మ రెండోసారి పెట్టించుకుంది.

"ఈ కారం యాడిదే?"

"ఈడిదే అమ్మా. పండుమిరపకాయలు, తెల్లగడ్డలు."

"పెళ్ళికి గూడ ఇదే చెయ్యాల" అన్నాడు లక్ష్మీనారాయణ నోరు నిండా పెట్టుకుని.

నాగేంద్రమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, "పెళ్ళి వంట యల్లక్కదే. ఇంక వేరే మాట లేదు" అంది. అమృత యల్లక్కను కౌగిలించుకుంది.

ఆరోజు గెలిచింది యల్లక్క. పేరు నిలబడింది. మునెమ్మ లేకుండా, ముక్కు లేకుండా, పరాయి దేశంలో నిలబడింది. అందరూ తిన్నాక తనూ తింది. మంట ఒక్కటే తెలిసింది. సంతోషంగా ఉందా అని తనను తానే అడిగింది. గిన్నెలు కడగడానికి లేచింది.

ఆదివారం పొద్దున ఆ కారం ఇంకొంచెం కావాలని మళ్ళీ అమృతను వెంటబెట్టుకుని పోయింది. అంగడామె దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యి ఊపింది. ఆమె అప్పుడే కొత్తగా కారం చేస్తోంది. పెద్ద రాతి రోలు. దాంట్లో వేయించిన మిరపకాయలు పడ్డాయి, తెల్లగడ్డలు పడ్డాయి. ఆ తర్వాత పక్క బుట్టలోంచి దోసిలి నిండా తీసి పోసింది. యల్లక్క వంగి చూసింది. కళ్ళున్నాయి, మీసాలున్నాయి, వంగిన నడుములున్నాయి. ఎండబెట్టిన రొయ్యలు. అంగడామె రోకలి ఎత్తి దంచి, ఆ ముద్దను నిన్నటి బేసిన్‌లోనే వేసింది.

యల్లక్క వెనక్కి తిరిగి రెండు అంగళ్ళు దాటి బీన్స్ కొంది.

చూసినవాళ్ళు ఎవరూ లేరు. అమృత బొండాం తాగుతూ ఫోన్లో నవ్వుతోంది. తినేశారు, అరిగిపోయింది, పెళ్ళి వంట ఖాయమైపోయింది. నోరు మూసుకుంటే ఈ సంగతి ఈ షెడ్డులోనే ఉండిపోతుంది. యల్లక్క నడుస్తూ ఎదురు చూసింది, ఒళ్ళు వణుకుతుందని, గుండె దడదడలాడుతుందని. ఈ పిల్ల కోసమే గదా ఆ తల్లి ఇన్నేళ్ళ శనివారాలు. ఆ పిల్ల పక్కనే నడుస్తోంది, చేతిలో సంచీ తనే మోస్తానంటోంది. అయినా లోపల ఒక్కటి కూడా కదల్లేదు. ఒకరి మొక్కును మట్టి చేసి కూడా బీన్సు లేతగా ఉన్నాయా లేదా అని విరిచి చూస్తున్నాను, నేనేం మనిషిని? అనుకుంది. ఆ అనుకోవడం కూడా ఎవరో పక్కవాళ్ళు అంటే విన్నట్టే ఉంది. అప్పుడు మాత్రం కొంచెం భయమేసింది. ఈరోజు చెప్పకపోతే ఇంక దేన్నైనా చెప్పకుండా ఉండగలను, ఏమైనా చేయగలను అనిపించింది.

అందరూ నదిలో పడవ ఎక్కడానికి పోయారు. నాగేంద్రమ్మ మోకాలి నొప్పని ఇంట్లోనే ఉండి, వంటగదిలో కుర్చీ వేసుకుని బీన్స్ ఈనెలు తీస్తోంది. తీసినంతవరకు యల్లక్క తరిగి బాణలిలో వేసి, మంట తగ్గించి, వచ్చి ఆమె ముందు నిలబడింది.

"అమ్మా, నిన్న కూరలో వేసిన కారం ఉండాది గదా. దాంట్లో ఒట్టి రొయ్యలు దంచి కలుపుతారంట. పొద్దున కండ్లారా చూస్తిని."

నాగేంద్రమ్మ చెయ్యి ఆగింది.

"నిన్న శనివారం" అంది.

"అవునమ్మా."

"నువ్వు ముక్కు దగ్గర పెట్టుకోకుండా ఏదీ కొనవు గదే?"

"పెట్టుకుంటిని. నాకు వాసన తెలీదమ్మా. రుచీ తెలీదు. కరోనా వచ్చినప్పుడు పోయిన ముక్కు, మళ్ళ రాలేదు. మునెమ్మ చెప్తాంటే చేస్తాండా, ఇన్నేండ్లూ."

నాగేంద్రమ్మ లేచి స్నానాల గదిలోకి పోయింది. పుక్కిలించి ఉమ్ముతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చేసరికి ముఖం, జాకెట్టు తడిసిపోయి ఉన్నాయి.

"ఎందుకు చెప్పినావే?" అంది. "చూసింది నువ్వు. నీలోనే పెట్టుకోని ఉండకూడదా? నాకు తెలీకుంటే పోయేది గదా! రెండు మార్లు పెట్టించుకుంటినే, రెండు మార్లు! ఆ పిల్ల కడుపులో పడినప్పటి నుంచి ఒక్క శనివారం తప్పితినా? మూడు వారాల్లో పెండ్లి పెట్టుకోని, ఆ సామికి ఏమని చెప్పుకోవాల నేను?"

"తప్పు నాదని చెప్పమ్మా."

"తిన్నది నా నోరు!" అని అరిచింది నాగేంద్రమ్మ. కుర్చీలో కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "పెండ్లికి నువ్వు రావద్దు" అంది. "వేరేవాళ్ళను చూసుకుంటాం."

"సరేమ్మా."

"సరే అంటావేందే రాయి మాదిరి? ఏడ్వు. కాళ్ళు పట్టుకో. అయ్యో, ఇట్ల అయిపోయె అను!"

"రాదమ్మా" అంది యల్లక్క. "ఏడుపు గూడ రాదు. ఆయన పోయిన పొద్దు నుంచి రాలే. ఎంత తవ్వినా ఏమీ లేదు లోపల. అందుకే నీకు చెప్తిని. నువ్వు తిడితేనన్నా ఏమన్నా అవుతుందేమోనని."

నాగేంద్రమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు నేల మీద నిలిపింది.

"అంటే ఓబులేసు దినానికి ముందే పోయిందా నీ ముక్కు?"

"ముందే."

"ఆ పొద్దు వండింది నువ్వే గదా?"

"నేనే. మునెమ్మకు గూడ జ్వరం. ఒక్కదాన్నే చేస్తిని. ఆయనకు ఇష్టమైనవన్నీ చేస్తిని."

"అందుకా" అంది నాగేంద్రమ్మ మెల్లగా.

"ఏందమ్మా?"

"ఏం లేదులే."

"చెప్పమ్మా."

నాగేంద్రమ్మ చేతిలోని బీన్స్ కాయను అటూ ఇటూ తిప్పింది. కోపం ఎక్కడికి పోయిందో, గొంతు తగ్గిపోయింది. "ఆ దినాల్లో ఎవరొచ్చినారు ఎవరింటికి? నేనూ మా ఆయనా వస్తిమి, ఇంకో నలుగురు. మాస్కులు తీసి ఆకుల ముందర కూర్చుంటిమి. దేంట్లోనూ ఉప్పు లేదే యల్లక్కా. పప్పులో లేదు, చారులో లేదు, వంకాయలో లేదు. ఒకరి మొగం ఒకరు చూసుకుంటిమి. మా ఆయన ఉప్పు అడగబోతే నేనే కాలు తొక్కితిని. మొగుడు పోయిన మనిషి, చెయ్యి ఆడింటుందా అనుకుంటిమి. గమ్మున తినేసి వస్తిమి."

యల్లక్క ఏమీ అర్థం కానట్టే నిలబడింది.

"మిద్దె మీద కాకికని ఆయనకు పెట్టిన ఆకులో గూడ అవే పెడితిని" అంది.

నాగేంద్రమ్మ చేతిలోని కాయను గిన్నెలో వేసేసింది.

"అవే పెడితినమ్మా. దినం పొద్దు. ఇంక మళ్ళ పెట్టేది లేదని, చేసినవన్నీ కొసరి కొసరి పెడితిని." యల్లక్క చెయ్యి గోడను వెతుక్కుంది. దొరకలేదు. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "ఆయనకు ఉప్పు రవ్వంత తగ్గినా ముద్ద దిగేది కాదమ్మా. నోట్లో పెట్టుకోని, మింగలేక, నా పక్క చూసేవాడు. నేను లేచి పోయి ఉప్పు తెచ్చేంతవరకు అట్లే చూస్తా కూర్చునేవాడు."

అంతవరకూ అని, ఆగింది. ఆ తర్వాత ఆమె గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. అది తనదేనని ఆమెకు వెంటనే తెలియలేదు. రెండోసారి వచ్చినప్పుడు తెలిసింది. రెండు చేతులతో నేలను కొట్టుకుంటూ, ఓబులేసును పేరు పెట్టి పిలుస్తూ, ఆ పరాయి ఊరి వంటగదిలో యల్లక్క ఏడ్చింది.

పొయ్యి మీద బీన్స్ మాడుతున్న వాసన వచ్చింది. నాగేంద్రమ్మ మోకాలు పట్టుకుని లేచి, పొయ్యి ఆపి, వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.